తొమ్మిదో వార్డు ఫారాలు

2005 వేసవిలో నన్ను మా ఊరి మునిసిపాలిటీలో ఇంజనీరింగ్ సెక్షన్‌కి మార్చారు. అప్పటికి కాంట్రాక్టు మీద డేటా ఎంట్రీ ఆపరేటర్‌గా చేరి ఏడాదిన్నరయింది. చదివింది పదో తరగతి, ఆ పైన ఆరు నెలల కంప్యూటర్ కోర్సు. కాంట్రాక్టు ముగిసి ఇప్పుడు ఆ ఉద్యోగం లేదు. రిటైరయ్యానని నవ్వుతూ చెప్పుకుంటాను. ఆఫీసు కబుర్లు ఎవరడిగినా గంటలకొద్దీ చెబుతాను గానీ, ఇది మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. సిగ్గు.

ఆ ఏడాది ఊరంతా కొత్త మంచినీళ్ళ పైపులు వేస్తున్నారు. మా మునిసిపల్ ఇంజనీరు గారు మెత్తని మనిషి. ఆయనకో ఆలోచన వచ్చింది. ఎలాగూ రోడ్లు తవ్వుతున్నాం కాబట్టి, అదే కందకంలో పైపు పక్కన ఒక ప్లాస్టిక్ గొట్టం కూడా వేసేద్దామన్నారు. తర్వాత ఆ గొట్టంలోంచి ఫైబర్ లాగొచ్చు. ఫైబర్ అంటే వెంట్రుకంత సన్నని గాజు తీగ, దాంట్లో ఇంటర్నెట్ వెలుతురులా పోతుంది. ఆ లైను మునిసిపాలిటీ సొంతంగా ఉంటుంది, కొళాయి ఇచ్చినట్టే ఇంటింటికీ నెట్ ఇవ్వొచ్చు.

కౌన్సిల్‌లో దీని మీద పెద్ద వాదనే నడిచింది. కేబుల్ టీవీ వాళ్ళకి దగ్గరివాడైన ఒక కౌన్సిలర్ గారు లేచి, "వీధి లైట్లే వెలగట్లేదు, మీరు నెట్ ఇస్తారా అండి? అలాంటివి ప్రైవేటు వాళ్ళు చూసుకుంటారు" అన్నారు. ఇంజనీరు గారు, "నీళ్ళు కూడా ప్రైవేటు వాళ్ళకే వదిలేద్దామా అండి మరి?" అన్నారు. చివరికి కమిషనర్ గారు మధ్యేమార్గం చెప్పారు. ఇంటింటికీ వెళ్ళి అడగండి, జనం కావాలన్న వార్డులోనే గొట్టం వేద్దాం అని.

ఆ సర్వే నాకు అప్పజెప్పారు. ఇంటికో ఫారం. డోరు నంబరు, యజమాని పేరు, నెట్ కావాలా వద్దా, కావాలంటే దేనికి. సంతకం గడి పెట్టలేదు. చదువురాని వాళ్ళు బిడియపడతారని ఇంజనీరు గారే తీయించేశారు.

ఎనిమిది వార్డులు నిజంగానే తిరిగాను. ఇచ్చిన మజ్జిగ తాగుతూ, అందరితో కబుర్లాడుతూ తిరిగాను. తొమ్మిదో వార్డు కాలవ అవతల. లాకుల దగ్గరి వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాలి. గడువుకి రెండు రోజులే మిగిలాయి, ఎండ మండిపోతోంది. ఆ వార్డు బిల్ కలెక్టర్, అంటే ఇంటిపన్ను వసూలు చేసే సూరిబాబు గారు, నా మొహం చూసి జాలిపడ్డారు.

"ఎందుకమ్మా దుర్గా, వడదెబ్బ తగులుద్ది. నా రిజిస్టర్‌లో అన్నీ ఉన్నాయి కదా, కూర్చుని రాసేసుకో."

ఇంటిపన్ను రిజిస్టర్‌లో ప్రతి ఇంటికీ పేరు, నంబరుతో పాటు అది డాబానా, పెంకుటిల్లా, తాటాకిల్లా అని కూడా రాసి ఉంటుంది. పన్ను దాన్నిబట్టే కడతారు మరి. తొమ్మిదో వార్డులో ఎక్కువ పెంకుటిళ్ళు, తాటాకిళ్ళు.

"తాటాకింట్లో కంప్యూటర్ పెడితే, వానొస్తే దానికి గొడుగు పట్టాలి" అన్నారాయన. నేను కూడా నవ్వాను. ఫ్యాను కింద కూర్చుని, డాబా అని ఉన్నచోట "కావాలి", మిగతా అన్నిటికీ "వద్దు" అని రాసుకుంటూ పోయాను. మధ్యాహ్నం టీ టైముకి వార్డు అయిపోయింది.

కౌన్సిల్ మీటింగు రోజు పొద్దున్నే మార్తమ్మ గారు ఆఫీసుకొచ్చారు. తొమ్మిదో వార్డులో లేసు అల్లే ఆడవాళ్ళ గుంపుకి ఆవిడ పెద్ద. కొనేవాళ్ళు పంపే డిజైన్ల ఫొటోలు భీమవరంలో నెట్ సెంటర్‌కి వస్తాయి, ఆవిడ బస్సెక్కి వెళ్ళి చూసేసరికి ఆర్డరు ఇంకెవరో పట్టుకుపోతారు. తమ వార్డులోనే ఒక గదిలో కంప్యూటర్ పెట్టుకుంటే ఆ తిరుగుడు తప్పుతుందని ఆవిడ ఆశ.

"అన్ని వార్డుల్లో అడిగారంట. మా దగ్గరికెవరూ రాలేదేంటమ్మా? సూది పట్టుకుని పొద్దస్తమానం వీధి గుమ్మంలోనే కూర్చుంటాం. ఎవరొచ్చినా కనపడకుండా పోరు కదా" అన్నారు నాతో.

ఇంజనీరు గారు ఆ మాట విని ఫారాలు తెప్పించుకున్నారు. అన్నీ ఒకే పెన్ను, ఒకే తీరు. కాగితాలు తిప్పుతూ, "ఈ వార్డు తిరిగావా అమ్మా?" అని అడిగారు.

"తిరిగానండి" అన్నాను.

నిజం చెప్పి ఉంటే మీటింగులో ఆ అంశం వారం వాయిదా పడేది. నన్ను తిట్టేవారు, ఉద్యోగం కూడా పోయేదేమో. కానీ ఆ వార్డుకి అవకాశం మిగిలేది. ఆయన నా మాట నమ్మారు. మధ్యాహ్నం కౌన్సిల్‌లో ఆ కౌన్సిలర్ గారు నా ఫారాలే ఎత్తి చూపించి, "చూడండి, వాళ్ళే వద్దంటున్నారు" అన్నారు. గొట్టం కాలవ ఇవతలి వరకే అని తీర్మానం రాశారు. దాన్ని టైపు చేసింది నేనే.

ఆ వర్షాకాలంలో పైపు కొలతలు రాసుకోడానికి వర్క్ ఇన్‌స్పెక్టర్‌తో తొమ్మిదో వార్డుకి వెళ్ళాను. అదే మొదటిసారి వెళ్ళడం. కందకంలో నీళ్ళ పైపు ఒక్కటే ఉంది. దాని మీద మట్టి కప్పేస్తున్నారు. చెప్పినట్టే గుమ్మాల్లో ఆడవాళ్ళు లేసు అల్లుకుంటున్నారు. వాళ్ళలోంచి మార్తమ్మ గారు లేచి వచ్చారు.

"ఇంజనీరు గారు చెప్పారమ్మా, నువ్వొచ్చి అడిగావంట కదా. నేను భీమవరం వెళ్ళిన రోజు వచ్చుంటావు. మావాళ్ళకి వివరం తెలీక వద్దనేసుంటారు. నేనుండాల్సింది. అందరినీ కేకలేశాను కూడా" అన్నారు.

అప్పుడైనా చెప్పొచ్చు. నేను తల ఊపాను. ఆవిడ ఇచ్చిన మంచినీళ్ళు తాగి వచ్చేశాను.

ఇవతలి వార్డుల్లో మూడేళ్ళకి ఫైబర్ వచ్చింది. బళ్ళకీ లైబ్రరీకీ ఇచ్చారు, ఇళ్ళకి కూడా ఇచ్చారు. కాలవ అవతలికి మళ్ళీ రోడ్డు తవ్వడానికి ఎవరూ ఒప్పుకోలేదు. నా కాంట్రాక్టు ముగిసేనాటికి కూడా మార్తమ్మ గారు భీమవరం బస్సే ఎక్కుతున్నారు.

నెట్ మునిసిపాలిటీయే ఇవ్వాలా అని ఎవరైనా అడిగితే, ఇవ్వాలనే అంటాను. కేబుల్ ఆయన డాబాలు చూసుకుని వైరు లాగుతాడు, అది ఆయన వ్యాపారం. మునిసిపాలిటీ అలా చూడకూడదు, అందుకే లైను దాని చేతిలో ఉండాలి. ఆ మధ్యాహ్నం ఫ్యాను కింద మునిసిపాలిటీ తరఫున కూర్చున్నది నేను. నేను చూసింది డాబాలే.