టీవీ జడ్జి తిన్న సున్నుండ

ఇది ఘోరమైన నమ్మకద్రోహ గాథ. కాకపోతే ఇందులో రాజ్యాలేవీ కూలవు, ఒక సున్నుండను సగం కొరికి వదిలేస్తారు, అంతే.

నిన్న వంటింట్లో సున్నుండలు పెట్టిన పాత పెరుగు డబ్బా మూత తీయగానే గుప్పున నేతి వాసన వచ్చి అంతా గుర్తొచ్చింది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. అమెరికాలో, ఇర్వింగ్ అనే ఊళ్లో మా ఇంటికొచ్చే ఆంటీలు ఏది పెట్టినా "సూపరండీ" అనేవారు. టీవీలో వంటల పోటీకి జడ్జిగా వచ్చే ఇంగ్లండ్ ఆయన మాత్రం, ఎదుటివాళ్లు ఏడుస్తున్నా సరే, కేకు లోపల పచ్చిగా ఉందని మొహం మీదే చెప్పేవాడు. లోకంలో అబద్ధమాడని పెద్దమనిషి ఆయనొక్కడేనని నా నమ్మకం.

ఆయన మాల్‌కి వస్తున్నాడని తెలిసి, అమ్మమ్మ చేసిన సున్నుండలు స్టీలు డబ్బాలో పట్టుకుని నేనూ అమ్మమ్మా లైన్లో నిలబడ్డాం. అవి నిజంగా గొప్పవో కాదో ఆయనే తేల్చాలి.

ఆయన ఒకటి కొరికి, కళ్లు మూసుకుని, "అమెరికాలో నేను తిన్నవాటిలో ఇదే బెస్ట్" అన్నాడు. నా కాళ్లు నేల మీద ఆగలేదు.

మేం పక్కకు జరిగామో లేదో, వెనకావిడ అరటిపండు కేకు అందించింది. ఆయన మళ్లీ కళ్లు మూసుకున్నాడు. మళ్లీ అదే మాట, అక్షరం మారలేదు.

"ఏమన్నాడ్రా?" ఇంగ్లీషు రాని అమ్మమ్మ అడిగింది.

"నీ సున్నుండలే బెస్ట్ అన్నాడు అమ్మమ్మా."

"మరి నీ మొహం అలా మాడిపోయిందేం?"

"ఆకలేస్తోంది."

"కారెక్కాక ఒకటి తిందువుగాని. డబ్బా ఏదీ?"

డబ్బా ఆయన బల్ల మీదే వదిలేశాం. వెనక్కి వెళ్లేసరికి ఆయనా లేడు, డబ్బా లేదు.

ఇప్పుడనిపిస్తుంది, పాపం, ఆయనా మా ఆంటీల్లాంటివాడేనని. ఆ స్టీలు డబ్బా పోయినప్పట్నుంచి మా ఇంట్లోంచి ఏది బయటికెళ్లినా పెరుగు డబ్బాలోనే వెళ్తుంది. దాన్ని డిష్‌వాషర్‌లో వేయకూడదు, మూత వంకరపోతుంది.