గాలికి ఒక మూత

కెమిస్ట్రీలో డిగ్రీ చేసినవాడికి ఉండాల్సిన పొగరుకు రెండింతలు నాకుండేది. తొండుపల్లిలో విమానాలకు భోజనం పంపే వంటశాలలో సూపర్‌వైజర్‌గా చేరాను. ఆర్నెల్లు పని చూసి ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు.

కూరగాయలు కడిగే రెండు వందల లీటర్ల తొట్టిలో క్లోరిన్ మందు కలపడం మహేశ్వరం నుంచి వచ్చే ఒక అక్క పని. ఏళ్లపాటు చేలో పురుగుమందు కొట్టిన చెయ్యి ఆమెది. డ్రమ్ములో మందు నూటికి పది పాళ్లు, నీళ్లలో ఉండాల్సింది పది లక్షలకు యాభై. లెక్కగట్టి, పాతిక మిల్లీలీటర్ల కొలత మూతతో నాలుగు మూతలని గోడమీద పెద్దక్షరాలతో రాశాను. అక్క ఐదు పోసేది.

"ఐదోది ఎందుకక్కా?"

"గాలికి సారూ. మందు కలిపితే గాలి దాని వాటా అది తీస్కపోతది."

ఇది చేను కాదని ఎంత మొత్తుకున్నా వినేది కాదు. ఆఖరి నెలలో తనిఖీ ఉందన్నారు. ఆ రోజు పక్కనే నిలబడి నాలుగు మూతలకే ఆపించాను.

తనిఖీకి వచ్చినాయన ఆరాంఘర్ ట్రాఫిక్‌లో గంట ఇరుక్కుని చిరాగ్గా దిగాడు. పరీక్ష కాగితం తొట్టిలో ముంచితే రంగు పాలిపోయినట్టు వచ్చింది. మందు చాలలేదు.

అక్క డ్రమ్ము వాసన చూసింది. "ఎండల పెట్టిన్రు గద, మందు సచ్చింది."

ఎండకు డ్రమ్ములో బలం తగ్గుతూ ఉంటే, ఆమె ఐదో మూత ఇన్నాళ్లూ దాన్ని పూడుస్తూ వచ్చింది. నా లెక్కలో ఎండే లేదు.

ఆయన రిజిస్టర్ తిరగేశాడు. "నిన్నటిదాకా బాగానే ఉంది. ఈ రోజు ఎవరు కలిపారు?"

"నేనే సారూ," అంది అక్క. అబద్ధమేమీ కాదు.

నేను గోడమీది నా అక్షరాల వంక చూశాను. తర్వాత, "ఒక మూత తగ్గించమన్నది నేను," అన్నాను. ఉద్యోగం ఖాయం చేయడం మూడు నెలలు వాయిదా పడింది.

టీ తాగేటప్పుడు అక్క అంది: "సప్పుడు జెయ్యకుంటే నీ నౌకరికి ఏం గాకపోవు. మంచోనివి సారూ."

నాకు సిగ్గేసింది. నోరు తెరవడానికి నాకెంత సేపు పట్టిందో ఆమె నా పక్కనే నిలబడి చూసింది.