ముందో ముక్క, వెనకో ముక్క

డెబ్బైల మొదట్లో గోదావరిఖనిలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినవాళ్లకు ఉన్నంత గీర గని మేనేజర్లకు కూడా ఉండేది కాదేమో. మా గని వెల్ఫేర్ ఆఫీసరునే తీసుకోండి. నోరు తెరిస్తే ప్రతి మాట చివరా ఒక 'షన్' తగిలించేవాడు. కన్సిడరేషన్, రికమెండేషన్, కోఆపరేషన్. వీటి మధ్య అసలు చెప్పేదేమీ ఉండదు. అయినా గుమాస్తాలు చేతులు కట్టుకుని వినేవారు. అతన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. అయితే నేనేం తక్కువదాన్ని కాదు. మిషన్ బడిలో చదువుకున్నానని, గని కార్మికుడి ఇంట పుట్టినా నా ఇంగ్లీషుకు మసి అంటలేదని నాకూ బోలెడు పొగరు.

సాయంత్రాలు చర్చి వరండాలో కార్మికులకు పాఠం చెప్పేదాన్ని. గని పైన చేసే ఉద్యోగాలకు పరీక్ష పెట్టేవారు, అందులో ఇంగ్లీషు ఉండేది. గనిలోకి దిగేవాళ్లకు తలదీపాలిచ్చే దీపాల గదిలో నంబర్లు రాసుకునే మనిషికి ఇంగ్లీషు మాటల ముందేం చేర్చాలో, వెనకేం చేర్చాలో ఎందుకు తెలియాలో ఆ పరీక్ష పెట్టిన మహానుభావులకే తెలియాలి.

వాళ్లలో ఒకాయన గని లోపల, పట్టాల మీద నడిచే టబ్బుల్లో బొగ్గు నింపేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. పైకప్పు బండ నడుము మీద పడ్డాక, ఇంకో ఏడాది ఆ పని చేస్తే మంచం దిగలేవని దవాఖానలో చెప్పారు. దీపాల గదిలో ఉన్న ఖాళీ ఒక్కటే. అది దొరక్కపోతే మళ్లీ కిందికి దిగి బొగ్గు నింపాల్సిందే.

ఒకరోజు 'హ్యాపీ' అని బోర్డు మీద రాసి ముందు 'అన్' పెట్టాను, వెనక 'నెస్' పెట్టాను. ఎవరి మొహంలోనూ కళ లేదు.

"గివి మాకేడ పనికొస్తయి టీచరమ్మా?" అన్నాడు ఆయన.

నాకు ఆఫీసరు గుర్తొచ్చాడు. 'మేనేజ్' అని రాశాను. వెనక 'మెంట్' చేరిస్తే ఆఫీసులో కూర్చున్న పెద్దమనుషులు, దానికి ముందు 'మిస్' కూడా చేరిస్తే వాళ్లు చేసే నిర్వాకం అని చెప్పాను. వరండా అంతా ఒకటే నవ్వు. ఆయనైతే నడుము పట్టుకుని మరీ నవ్వాడు. నా అంత టీచరు లేదని మురిసిపోయాను.

దీపాల గది ఉద్యోగానికి పెట్టిన ఇంటర్వ్యూలో ఇంగ్లీషుకు మార్కులు వేయమని నన్నే పిలిచారు. ఆఫీసరు పక్కన కుర్చీ వేస్తే, అంతగా అసహ్యించుకునే మనిషి పక్కన, సిగ్గులేకుండా పొంగిపోతూ కూర్చున్నాను. బొగ్గు నింపే ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి నిటారుగా నిలబడ్డాడు. అలా నిలబడటానికి ఎంత నొప్పి ఓర్చుకుంటున్నాడో నాకు తెలుసు. డిక్టేషన్‌లో ఒక్క తప్పు లేదు. చివరికి ఆఫీసరు, ఏదైనా ఒక మాటకు ముందొకటీ వెనకొకటీ చేర్చి చెప్పమన్నాడు.

ఆయనకు బాగా వంటబట్టిన మాట అదే. గట్టిగా, స్పష్టంగా చెప్పాడు.

"మిస్‌మేనేజ్‌మెంట్ సార్."

ఆఫీసరు మొహం మాడిపోయింది. "ఎవరు నేర్పారు నీకీ మాట?" అని అరిచాడు. ఒక్క 'షన్' కూడా రాలేదు.

ఆయన నా వైపు చూడలేదు. "ఎవలు నేర్పలే సార్. గనిల పనిచేస్తుంటె గదే వచ్చింది."

నేర్పింది నేనేనని, జవాబు సరైనదేనని నేను చెప్పాల్సింది. అన్నీ వచ్చిన నా నోటికి ఆ ముక్క రాలేదు. ఆఫీసరు మార్కుల కాగితం నా ముందుకు తోశాడు. సున్నా వేశాను. కింద సంతకం కూడా చేశాను, పిరికిదాన్ని.

మర్నాడు మళ్లీ మొదటి షిఫ్టంతా బొగ్గు నింపి, ఆయన గోడ పట్టుకుంటూ వరండాలోకి వచ్చాడు. కోపమేమీ లేదు. నోటుబుక్కు తెరిచి ఆ మాట మీద వేలు పెట్టాడు.

"తప్పు చెప్పిన్నా టీచరమ్మా?"

"తప్పే" అన్నాను.

ఆయన ఆ మాటను అడ్డంగా కొట్టేశాడు. "మరి కరెక్టుది రాసియ్యుండ్రి" అని పెన్సిలు నా చేతిలో పెట్టాడు. నేను కూర్చుని, అందమైన అక్షరాలతో ఇంకేదో మాట రాసిచ్చాను.