మూడుదారుల దగ్గర మందు పిప్పి

పాంగ్ రుయీ అంటే మౌ దెహౌకి కడుపుమంట. ఆమె పేరు వినబడితే తింటున్న నూడుల్స్ గిన్నె పక్కకి నెట్టేసేవాడు. లాంగ్‌జోంగ్ ఊళ్లో ఇద్దరూ ఒకే గురువు దగ్గర నాడి చూడటం, సూదులు గుచ్చటం నేర్చుకున్నారు. ముందు చేరినవాడు దెహౌ. పోతూ పోతూ గురువుగారు తన సూదుల పెట్టె ఎవరి చేతిలో పెట్టారూ? వెనకొచ్చిన రుయీ చేతిలో! అది చాలదన్నట్టు ఆ మహాతల్లి సరిగ్గా అతని ఇంటికి ఎదురుగానే వైద్యశాల తెరిచింది.

సయాటికా రోగులంతా ఒకప్పుడు దెహౌ దగ్గరికే వచ్చేవాళ్లు. తుంటి దగ్గర మొదలై మడమ దాకా లాగేసే ఆ నొప్పితో కుంటుకుంటూ వచ్చి, ఇప్పుడు అతని గుమ్మం దాటి ఎదుటి గుమ్మం ఎక్కుతున్నారు. దెహౌ కిటికీ దగ్గర నిలబడి పళ్లు నూరేవాడు.

“వెళ్లండి నాయనా, వెళ్లండి! ఆవిడ చేతుల్లోంచి అమృతం కారుతోంది మరి!”

భార్య సుయిలాన్ వెనక గదిలో రోగుల మందుకుండలు కాస్తూ ఇదంతా వినేది.

ఆ వీధిలో కషాయం తాగినవాళ్లు పిప్పిని దారిలో పారబోస్తారు. పదిమంది తొక్కితే రోగం వాళ్ల చెప్పులకంటుకుని పోతుందని నమ్మకం. ఆ చలికాలం ఒక పొద్దున దెహౌ ఇంటి పక్క మూడుదారుల దగ్గర కొత్త పిప్పి కనబడింది. దెహౌ అటూ ఇటూ చూసి, గొంతుక్కూర్చుని పుల్లతో కెలికాడు. మల్బరీ చెట్టు మీది బదనిక. దాల్చినచెక్క. ఉత్తరేణి లాంటి వేరు. రక్తం పట్టడానికి ఆడవాళ్లకి ఎక్కువగా వేసే దుంప. నడుము నొప్పికి వేసే, విరిస్తే తెల్లటి దారాలు సాగే చెక్క కూడా ఉంది. ఉప్పునీళ్లు చల్లి బాగా వేయిస్తే ఆ దారాలు తెగిపోతాయి. విరిచి చూశాడు. టక్కున తెగాయి.

‘రుయీ ఎంత బాగా వేయించిందీ!’ అనుకున్నాడు. అనుకున్నందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

పిప్పిని బట్టి రోగి అతని కళ్లకు కట్టింది. వయసు మళ్లిన మనిషి, ఆడమనిషి. ఏళ్ల తరబడి నిలబడి చాకిరీ చేసి నడుము అరిగింది, కాలు లాగేస్తోంది. రక్తం తక్కువ. చలికి నొప్పి ఎక్కువవుతుంది, రాత్రిళ్లు నిద్రపట్టదు. పారబోసింది ఇక్కడ కాబట్టి తన ఇరుగుపొరుగు మనిషే. అంటే తనకి రావలసిన రోగి! తన ముక్కు కిందనుంచి ఎగరేసుకుపోయింది!

అంతే, పుల్ల విసిరేసి విసవిసా ఎదుటి గుమ్మం ఎక్కాడు. బెంచీ మీద రోగులు సర్దుకు కూర్చున్నారు.

“ఏమ్మా రుయీ! ఊరంతా చాల్లేదని నా ఇరుగుపొరుగు మీద కూడా పడ్డావా?”

రుయీ చేతిలో సూది అలాగే ఆగింది. “అన్నయ్యా, లోపల మనిషి పడుకుని ఉంది. తరవాత మాట్లాడుకుందాం.”

“తరవాతేంటి తరవాత! ఆ ముసలామె ఎవరో చెప్పు. పాపం, ఆ కాలుతో రాత్రిళ్లు కన్ను మూయలేని మనిషి. నా దగ్గరికి వస్తే నేను చూడనా?”

రుయీ తల దించుకుంది. తెర వెనకనుంచి గొంతు వినబడింది.

“నేనేనయ్యా. ఒంటినిండా సూదులున్నాయి, లేవలేను. అరవకు.”

సుయిలాన్ గొంతు. ఇంట్లో పొద్దస్తమానం కుండలు ఉడుకుతూనే ఉంటాయి. వాటి మధ్య ఇంకో కుండ ఎవరిదో అతనికేం తెలుస్తుంది?

దెహౌ తెరవైపు తిరిగాడు. “నాతో ఒక్క మాట చెప్పకూడదటే?”

“చెప్పానుగా. కాలు లాగేస్తోందన్నాను. కిటికీలోంచి తల తిప్పకుండా ‘ఊఁ’ అన్నావు. మళ్లీ చెప్పాను. మళ్లీ ‘ఊఁ’ అన్నావు.”

బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే దగ్గారు. దెహౌ బయటికి పోలేదు. రుయీ సూదులు తీసేదాకా గోడవైపు చూస్తూ నిలబడ్డాడు.

తెర తొలిగింది. సుయిలాన్ మంచం అంచున కూర్చుని, నొప్పి కాలు మెల్లగా నేలమీద ఆనించింది. దెహౌ గబగబా వెళ్లి చెయ్యి చాచాడు. “మెల్లగా. బరువంతా నా మీద వెయ్యి.”

ఆమె ఆ చెయ్యి పట్టుకోలేదు. అతని భుజం మీదుగా రుయీ కేసి చూసింది.

“నడవచ్చా, డాక్టరమ్మా?”