లెక్కల పరీక్షనాటి దిష్టి

లెక్కల పరీక్షలో నేను కళ్ళు తిరిగి పడిపోయింది దిష్టి వల్ల కాదు, ఆకలి వల్ల. ఇంత చిన్న మాటను ఏడేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. మొన్న పులివెందులలో నేను పాఠాలు చెప్పే బడికి డాక్టరు వచ్చి పిల్లల్ని తూకం వేశాడు. పేరు పక్కన బరువు రాసే పని నాకు అప్పగించారు. కాస్త ఒళ్ళున్న పిల్ల ఒకతి కాటా మీంచి దిగుతుంటే, నా పక్కనున్న టీచరమ్మ "అందుకే దీనికి ఎక్కాలు రావు" అని నవ్వింది. నేను అంకె రాశాను, ఏమీ అనలేదు. ఏమీ అనకుండా ఉండడం నాకు చిన్నప్పటి నుంచీ బాగా చేతనైన పని. ఇంటికొచ్చి డైరీ ముందు కూర్చుంటే ప్రొద్దుటూరు గుర్తొచ్చింది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మా నాయన జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు తాలూకా కచేరీకి బదిలీ అయి వచ్చాడు. అమ్మ లేని ఇల్లు. నన్ను సాకింది మేనత్త. అప్పటిదాకా నేను చీపురుపుల్లలా ఉండేదాన్ని, క్లాసులో మొదట ఉండేదాన్ని. ఈ రెండూ ఒకటేనని ఇంట్లో అందరి నమ్మకం. ఎస్.ఎస్.ఎల్.సి. చదివే ఏడాది టైఫాయిడ్ వచ్చి నెలన్నర మంచాన పడ్డాను. లేచాక ఒకటే ఆకలి. రెండు నెలల్లో రవికలన్నీ బిగుతయ్యాయి, లెక్కల మార్కులు సగానికి పడిపోయాయి. మంచాన ఉన్నప్పుడు జరిగిన పాఠాలు నాకు రావన్నది ఎవరికీ తట్టలేదు, నాక్కూడా. నాయన మార్కుల కాగితాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఒళ్ళు ఊరేకొద్దీ బుర్ర మొద్దుబారుతాది. ఈతూరి తప్పితే సదువు చాలు, ఇంట్లో ఉండు" అన్నాడు. నాయనా సన్నని మనిషేమీ కాదు. అత్త ఆ మాటే అంటే, "నాది ఒళ్ళు కాదక్కా, కుర్చీ ఉద్యోగం" అన్నాడు.

ఆ రోజు నుంచి అందరి కళ్ళూ నా కంచం మీదే. రెండో సంగటి ముద్ద పెట్టించుకుంటే నాయన గొంతు సవరించుకునేవాడు. అయితే అందరికంటే ఎక్కువగా నన్ను అనుమానించింది నేనే. ప్రతి ఆదివారం దారంతో జబ్బ కొలిచి, ముడి వేసి డైరీలో దాచేదాన్ని. రేఖాగణితంలో ఒక సిద్ధాంతం కంఠతా రావడానికి ఎన్నిసార్లు చదవాల్సి వచ్చిందో పక్కన రాసేదాన్ని. దారం పొడుగైన వారం పాఠం ఆలస్యంగా వస్తే, చూశావా అనుకునేదాన్ని. దారం పొడుగైనా పాఠం తొందరగా వస్తే, అది సులువైన పాఠంలే అనుకునేదాన్ని.

పరీక్షలు పదిరోజులున్నాయనగా తిండి మానేశాను. మానేశానని చెప్పే ధైర్యం లేదు. ముద్దను వోణీ కొంగులో దాచుకుని పెరట్లోకి పోయి, గోడ అవతల తిరిగే మేకకు వేసేదాన్ని. అది పరుపులు కుట్టే దూదేకులాయన ఇల్లు. ఆయన భార్యను నేను పిన్నమ్మా అని పిలిచేదాన్ని. నాలుగో రోజు ఆమె గోడ మీంచి, "ఏందో పాపా, మా మేక ఆకు ముట్టడంలే. యాడ మేస్తాందో" అని నా ముఖంలోకి చూసింది. తెలిసి అడిగిందో తెలియక అడిగిందో ఆ రోజంతా తేల్చుకోలేకపోయాను. సాయంత్రం అత్తతో మాత్రం, "జరం నుంచి లేసినాక పిల్ల ఎంత నిండుగా ఉన్నింది వదినా. మల్లా చిక్కిపోతాంది. కడుపునిండా పెట్టు" అంది.

లెక్కల పరీక్ష రోజు మూడో ప్రశ్న దగ్గర నేను గీసిన వృత్తం నెమ్మదిగా తిరగడం మొదలుపెట్టింది. తర్వాత నాకు తెలిసింది జట్కాలో అత్త ఒడి. "చెప్పలా నేను, ఆ బుర్ర ఇంక పనిచేయదని" అన్నాడు నాయన. అత్త ఆ మాట పట్టించుకోలేదు. ఉప్పు, మిరపకాయలు నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు. దిష్టి గట్టిదేనని తేల్చుకుని నేరుగా పెరటి గోడ దగ్గరికి పోయింది.

"పిల్ల నిండుగా ఉందంటివి గదమ్మే. ఇప్పుడు నీ కండ్లు సల్లబడినాయా?"

పిన్నమ్మ అత్తను చూడలేదు. పెరటి గుమ్మంలో నిలబడిన నన్ను చూసింది. "పిల్లనే అడుగు వదినా" అంది.

అత్త వెనక్కి తిరిగి, "నీకేమన్నా తెలుసునా?" అని అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను.

అత్త ఆ సంగతి వీధంతా చెప్పింది. పిన్నమ్మ ఎదురొస్తే చంటిపిల్లల మీద కొంగు కప్పేవాళ్ళు. పెండ్లి పరుపులు ఆ చేతుల్తో కుట్టించడానికి భయపడి, జనం వేరే వీధికి పోయేవాళ్ళు. నేను సెప్టెంబరులో మళ్ళీ పరీక్ష రాశాను. ఆ ఆరు నెలలూ అత్త దగ్గర కూర్చుని తినిపించింది. మార్చిలో కంటే లావయ్యాను, మార్కులూ బాగా వచ్చాయి. నాయన కాగితం చూసి, "దిష్టి వదిలింది గదా, ఇంక రాకేం చేస్తాయి" అన్నాడు. తన పాత సిద్ధాంతం ఏమైందో నేను అడగలేదు.

ఆ చలికాలమే పిన్నమ్మ వాళ్ళు జమ్మలమడుగుకు ఇల్లు మార్చారు. బండికి సామాను కడుతుంటే నేను మొదటిసారి వాళ్ళ గడప దాకా పోయాను. రేపు చెబుదాం, పరీక్షలయ్యాక చెబుదాం, ఉద్యోగం వచ్చాక చెబుదాం అనుకుంటూ ఏళ్ళు ఎంత సులువుగా దాటిపోతాయో అప్పటికి నాకు తెలియదు. ఇప్పటికీ దూదేకులామె మాట వస్తే అత్త ముఖం ముడుచుకుంటుంది, నేను పుస్తకంలోకి తల దించుకుంటాను. ఆ రోజు "పిన్నమ్మా, ఆ పరీక్ష పొద్దు..." అని మొదలుపెట్టానో లేదో, ఆమె బండి మీద చేయి వేసి నా వైపు తిరిగింది.

"నాకెందుకు పాపా చెప్పేది, నాకు ఎరికే గదా. చెప్పేదుంటే పోయి మీ అత్తకు చెప్పు."