గోదాం అవ్వ నిద్రపుచ్చిన ఇండ్లు

జనగామ రైలు గేటు అవతల పాత పత్తి గోదాంను చూసుకునే అవ్వ మొన్న మంగళవారం పొద్దున పోయింది. స్కూలుకు పోతున్న మా ఆయన దారిలో ఆ మాట విని, వెనక్కి వచ్చి నాకు చెప్పాడు. బిడ్డను చంకనెత్తుకొని నేను పోయేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. అయినవాళ్లు భూపాలపల్లి దిక్కు నుంచి రావాలి. ఆ రోజు రాస్తారోకో, బస్సులు లేవు. చావు జరిగిన ఇంట్లో మామూలుగా ఎంత వెతుకులాట ఉంటుందో మీకు తెలుసు. కొత్త బట్ట ఏది, పసుపు ఏది, కుండ ఎవరు తెస్తారు అని మనుషులు అటూ ఇటూ ఉరుకుతారు. అవ్వ గదిలో ఎవరూ దేన్నీ వెతకలేదు. తలుపు తీయగానే ఎడమచేతి పక్క గోడకు కొట్టిన ఇనుప మొలకు ఒక మూట వేలాడుతోంది. విప్పితే అందులో మడత విప్పని తెల్లబట్ట, పసుపు పొట్లం, అగ్గిపెట్టె ఉన్నాయి. మూట కింద నేల మీద ఒక కొత్త కుండ బోర్లించి ఉంది.

చుట్టుపక్కల ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నేను ఆ మొల దిక్కే చూస్తూ నిలబడ్డాను. అట్లాంటి మొలే ఒకటి ఆ గోదాంలో మా సామాను పెట్టుకున్న అర తలుపు పక్కన కూడా ఉంది. దాని గురించి చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను. నేను ఏడో తరగతి వరకే చదివాను. నలుగురిలో మాట్లాడడం నాకు రాదు. ఆ రోజు వాకిట్లో కూడా చెప్పలేకపోయాను.

ఆ గోదాంలో ఇప్పుడు పత్తి లేదు. పట్నంలో ఉండే ఆసామి దాన్ని రేకులతో అరలు అరలుగా చేయించి కిరాయికి ఇస్తున్నాడు. బతకపోయేవాళ్లు, బదిలీ అయినవాళ్లు, రోడ్డు వెడల్పులో ఇల్లు పోయినవాళ్లు ఇంటి సామానంతా ఆ అరల్లో పెట్టి, తమ తాళం తాము వేసుకొని పోతారు. అవ్వ కాపలా మనిషి. అయితే కాపలాతో ఆమె పని ఆగేది కాదు. ఎవరు సామాను తెచ్చినా సర్దుడు దగ్గర తానే నిలబడేది. భూపాలపల్లి దిక్కు ఆమె ఊరు బొగ్గు తవ్వకం కింద పోయింది. ఊరు వదిలినప్పుడొకసారి, ఆ తర్వాత రెండుసార్లు ఇల్లు మూట కట్టుకుందట. ఆ విద్య అట్లా వచ్చిందనేది.

రెండేళ్ల కింద తెలంగాణ కోసం జరిగిన సమ్మెతో బళ్లు మూతపడ్డాయి. మా ఆయన ప్రైవేటు బడిలో సారు. జీతం ఆగిపోయింది, జనగామలో ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. రఘునాథపల్లి దగ్గర మా అత్తగారి ఊరికి పోదామనుకున్నాం. అక్కడ రెండు గదుల పెంకుటింట్లో అప్పటికే ఆరుగురున్నారు. అందుకని సామానును తోపుడు బండి మీద మూడు సార్లుగా గోదాంకు చేర్చాం.

అవ్వ మా అర ముందు నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడింది. మా ఆయన మంచం పట్టెలు మోసుకొచ్చి వెనక గోడకు ఆనించబోయాడు.

"ఆగు సారూ, గోడకు ఆనియ్యకు. జానెడు సందు ఉంచు. చెద వస్తే కండ్లవడాలె."

"గీ చిన్న అరల సందు గిట్ల వదిల్తె సామాను పడ్తదా అవ్వా?"

"బడిల పిల్లలను ఇరికిచ్చినట్టు ఇరికిస్తె పట్టది. నువ్వు జర బయట నిలవడు."

ఆ తర్వాత ఒక్కో సామానుకు తానే చోటు చూపించింది. బీరువా అద్దానికి రెండు పరుపుల మధ్య చోటు దొరికింది. గంజులో గిన్నె, గిన్నెలో గ్లాసు, గ్లాసులో చెంచాలు. బియ్యం డబ్బాను బోర్లించి తట్టి, ఒక్క గింజ కూడా మిగలలేదని చూసుకున్నాకే లోపలికి తీసుకుంది. గింజ ఉంటే ఎలుక వస్తుంది, ఎలుక వస్తే బట్టలు పోతాయి. బట్టల మూటలకు రెండు ముడులు, పింగాణీకి మూడు ముడులు వేసింది. ఆ రేకుల అరల్లో పట్టపగలు కూడా వెలుతురు ఉండదు. కన్నుకు కనపడకపోయినా చేతికి తెలియాలని ఆ ముడులు. ఇంత చేసి, నడుమ ఒక మనిషి బిందె చంకన పెట్టుకొని నడిచేంత తోవ కూడా మిగిల్చింది. మా రెండు గదుల ఇల్లు మా వంటింటికన్నా చిన్న అరలో కుదురుగా కూర్చుంది.

"ఇల్లు ఖాళీ చేసుడు కాదు బిడ్డా ఇది, ఇల్లును పండవెట్టుడు. లేపితే మళ్ల లెవ్వాలె" అంది.

చివరికి అందరినీ అడిగే మాట నన్నూ అడిగింది. "తలుపు తీస్తే మొదలు నీ చేతికి ఏది రావాలె?"

నేను తల వంచుకున్నాను. నాకు అప్పుడు అయిదో నెల. అంతకు ముందు ఏడు ఒక బిడ్డ పుట్టి, పుట్టిన రోజే పోయింది. ఈసారి సంగతి మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పుట్టకముందే పిల్లల కోసం ఏదీ సిద్ధం చేయొద్దని మా దిక్కు పట్టింపు. పోయినసారి నేను ఆగలేక, మా అమ్మ కట్టి కట్టి మెత్తబడిన నాలుగు చీరలు చింపి పొత్తిగుడ్డలు చేసి, తొట్టెల తాళ్లతో కలిపి మూట కట్టాను. అందుకే అట్లా అయిందని నా మనసులో ఉండిపోయింది. ఈసారి ఆ మూట కంటికే కనిపించొద్దని దాన్ని అన్నిటికంటే ముందు తెచ్చి, వెనక గోడ మూలన అన్నిటి అడుగున పెట్టాను. అవ్వ అడిగితే "ఏం లేదు" అన్నాను.

ఆమె నా మొహం చూసి, "కండ్లు తిరిగినట్టున్నయి. పోయి నా కుండల నీళ్లు తాగి కూసో" అని పంపింది. నేను వచ్చేసరికి అవ్వే తలుపు దగ్గరికి వేసేసింది. మా ఆయన తాళం వేశాడు. ఆమెకు చదువు రాదు. అందుకే ఒక్కో అరకు ఒక్కో బొమ్మ, సున్నంలో వేలు ముంచి గీసేది. ఒక తలుపు మీద చేప, ఒక దాని మీద బండి చక్రం. మా తలుపు మీద పిట్టను గీసింది.

అప్పుడే కొందరు పిల్లగాండ్లు వచ్చారు. "అవ్వా, రోడ్డు మీద వంటావార్పు ఉన్నది. ఒక పెద్ద గంజు ఇయ్యరాదె. గోదాంల మస్తున్నయి గద."

"మస్తుంటే నీ తాత సొమ్మా? తాళమేసి పోయినోళ్లు నన్ను నమ్మి పోయిండ్రు."

"తెలంగాణ కోసం అవ్వా!"

"నేను వద్దన్ననా?" అంటూ లోపలికి పోయి తన ఒక్క గంజునే తెచ్చి ఇచ్చింది. "అడుగంటిస్తె మీ లీడరు తోని తోమిపిస్త, చెప్తున్న."

మూడు నెలలకు, చలి మొదలైన రోజుల్లో, ఇంకో బంద్ నాడు నాకు నొప్పులు మొదలయ్యాయి. ఎనిమిదో నెల. ఊళ్లోని ఆటోలో జనగామ దవాఖానకు తెచ్చారు. రోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. నన్ను చూసి వాళ్లు ఉడుకుతున్న గంజులు పక్కకు జరిపి తోవ ఇచ్చారు. మధ్యాహ్నం బిడ్డ పుట్టింది. రెండు దోసిళ్లంత ఉంది, సన్నగా వణుకుతోంది. నర్సమ్మ బయటికి వచ్చి గట్టిగా అంది. "మెత్తటి పాత బట్టలు తేండ్రి, తొందరగ. పిల్ల చల్లవడుతాంది. ఏం తెచ్చుకోకుండనే వచ్చిండ్రా?"

దుకాణాలన్నీ బంద్. మా ఊరు దూరం. మా ఆయన నా దగ్గరికి వచ్చాడు. "గోదాంల ఉన్నయి గద, యాడ వెట్టినవు?"

నాకు ఏడుపు వచ్చింది. "అన్నిటి ఎనుక, అడుగున. బీరువా, మంచం అన్నీ బయటకు గుంజాలె. కాదు, నీతోని కాదు."

అతను అప్పటికే ఉరికాడు. నేను కండ్లు మూసుకొని బీరువా జరపడానికి ఎంతసేపు, పరుపులు తీయడానికి ఎంతసేపు అని లెక్కపెడుతున్నాను. మా అత్తమ్మ తన కొంగు బిడ్డకు చుట్టి, తన ఒళ్లోకి అదుముకొని కూర్చుంది. ఆమె కోసం ఎవరో తెచ్చిన చాయ్ పక్కన అట్లే ఉంది. ఆ చాయ్ చల్లారకముందే మా ఆయన తిరిగి వచ్చాడు. చేతిలో మూట. రెండు ముడులు.

"వెతకనే లేదు" అన్నాడు రొప్పుతూ. "తాళం తీసిన, చెయ్యి వెట్టిన. తలుపు పక్క మొలకున్నది."

ఆ గుడ్డల మడతల్లో ఎండు వేపాకు ఉంది. పురుగు తాకలేదు, చెమ్మ చేరలేదు. మా అమ్మ చీరల్లో నా బిడ్డ మెల్లగా వెచ్చబడింది, వణుకు తగ్గింది. సాయంత్రానికి పాలు తాగింది.

ఇరవై ఒక్క రోజులు పోయాక బిడ్డను తీసుకొని గోదాంకు పోయాను. అంత దూరం మాటలు కూడబెట్టుకొని పోయి ఒక్కటే అడగగలిగాను.

"అవ్వా, నీకెట్ల తెల్సింది?"

"తెల్వకేంది? అన్ని సామాన్లు చంకల వెట్టుకొని తెచ్చినవు. గా మూటనొక్కదాన్నే రెండు చేతుల మీద తెచ్చినవు. సర్దేటప్పుడే దాన్ని పక్కకు తీసి, నువ్వు నీళ్లకు పోంగనే మొలకేసిన."

"మరి నాకు చెప్పకపోతివి."

"చెప్తె మళ్ల తీసి లోపట వెట్టేదానివి" అని నవ్వింది. పట్టింపు సంగతి ఎత్తితే, "పట్టింపు నీది. మొల నాది. నువ్వు సిద్ధం చేస్తివా? లేదు గద" అంది.

ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఒక అరలో పరుపులు, బీరువా, గిన్నెలు పేర్చుతూనే ఆమె నా భయాన్ని కూడా చూసింది. దాని పరువు తీయకుండా, దాని చోటు మార్చింది. ఎవరితోనూ అనలేదు, చివరికి నాతో కూడా. అంత పెద్ద మనసు అంత చిన్న కాపలా గదిలో ఇన్నేళ్లు ఎట్లా పట్టిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ తర్వాత మేం జనగామలోనే ఒంటిగది తీసుకున్నాం. పెద్ద సామానంతా ఇంకా ఆ అరలోనే ఉంది. రాష్ట్రం వచ్చినంక పెద్ద ఇల్లు చూసుకుందామని మా ఆయన అంటూ ఉంటాడు. తాళం చెవి ఆయన దగ్గరే ఉంటుంది, అవసరమైనప్పుడు ఆయనే పోయి తెస్తాడు. నేను అవ్వ గది దగ్గర కూర్చొని రావడమే తప్ప, మా అర దాకా పోక రెండేళ్లయింది.

మంగళవారం ఆమెను తీసుకుపోయాక వాకిలి ఖాళీ అయింది. బిడ్డ చేయి పట్టుకొని అరల మధ్య నుంచి నడిచాను. చేప, బండి చక్రం, తర్వాత మా తలుపు. మా పిట్ట సున్నం సగం రాలిపోయి రేకులో కలిసిపోయింది. దాని రెక్క కింద, నేనెప్పుడూ చూడనిది, ఇంకో చిన్న పిట్ట ఉంది. అది మాత్రం తెల్లగా మెరుస్తోంది. రాలినప్పుడల్లా మళ్లీ దిద్దినట్టు సున్నం పొర మీద పొర ఉంది.

బిడ్డ మునికాళ్ల మీద లేచి దాన్ని ముట్టింది. తర్వాత తన వేలి కొన నాకు చూపించింది. దాని మీద సున్నం అంటుకొని ఉంది.