ఇంకొక్క జిరాక్సు

జోసెఫ్ సారుకు ఎన్ని కాగితాలు ఇచ్చినా ఒకటి తక్కువ పడుతుంది. పది తెస్తే పదకొండోది అడుగుతాడు. పదకొండూ తెచ్చిన మనిషిని కళ్ళద్దాల పైనుంచి ఒకసారి చూసి, "వీటి జిరాక్సులేవి?" అంటాడు.

కంఠేశ్వర్‌లో నా మిక్సీల రిపేరు దుకాణానికి ఆనుకునే ఆయన ఆన్‌లైన్ సెంటర్. మధ్యలో గోడ లేదు, ఒక రేకు మాత్రమే ఉంది. నేను మోటారు తిప్పితే ఆయన కంప్యూటరు వణుకుతుంది, అవతలి మాట నాకు వినబడదు. బోధన్ దిక్కు ఒక చెరుకు కాంటా దగ్గర ఇరవై ఏళ్ళు గుమాస్తాగా చేసి, ఆరేళ్ళ కిందట నిజామాబాద్ వచ్చి ఈ సెంటర్ పెట్టుకున్నాడు. ఆదివారం మెథడిస్టు చర్చి, మిగతా ఆరు రోజులు పిల్లల కాలేజీ అప్లికేషన్లు.

ఆయన దుకాణంలో ఒక జిరాక్స్ మిషను ఉంది. దాని మీద ఎప్పుడూ ఒక దుప్పటి, దుప్పటి మీద "పని చేయదు" అని రాసిన అట్టముక్క. నేను బాగు చేస్తానని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ఆయన, "వద్దు హన్మాండ్లు, దానిది పెద్ద రోగం" అన్నాడు. నా చేతికి లొంగని మిషను లేదని చెప్పుకుని బతికేవాణ్ణి, నాకెలా ఉంటుంది?

అందుకని పిల్లల వెంట వచ్చిన పెద్దలందరినీ ఆయన బస్టాండు దగ్గరున్న ముత్యం దుకాణానికి తోలుతాడు. దారిలో నాలుగు జిరాక్స్ దుకాణాలున్నా పనికిరావు, ముత్యం దగ్గరికే వెళ్ళాలి. ముత్యం కాగితం అందుకుని, టీ తాగి, కాగితం తిరగేసి, మళ్ళీ టీ తాగే మనిషి. వీళ్ళిద్దరి మధ్య కమీషన్ నడుస్తోందని నా గట్టి నమ్మకం. నమ్మకం కడుపులో దాచుకునే అలవాటు లేదు కనుక వచ్చిన ప్రతి గిరాకీకీ చెప్పాను.

ఒకసారి మోస్రా నుంచి చంద్రయ్య అనే రైతు కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. సారు ఫారం తెరిచి, "అన్నా, కరెంటు బిల్లు జిరాక్స్ గావాలె" అన్నాడు.

"పోరగాని కాలేజీకి కరెంటు బిల్లెందుకు సారు?"

"సదువుకునేటోడు చీకట్ల కూసుంటడా?"

చంద్రయ్య కొడుకును కుర్చీలో కూర్చోబెట్టాడు. తలగోక్కుంటూ బస్టాండు దారి పట్టాడు.

మెండోర నుంచి భానుప్రసాద్ అనే పెద్దమనిషి కొడుకుతో కారేసుకుని వచ్చాడు. వస్తూనే, "టైం లేదు, జల్ది నింపు" అని కుర్చీ లాక్కున్నాడు. సారు ఎంతో మర్యాదగా, "మీ నాయన ఓటరు కార్డు గావాలె పటేలా" అన్నాడు.

"మా నాయన పోయి తొమ్మిదేండ్లాయె."

"అయ్యో పాపం. అయితే పోయినట్టు కాగితం. రెండు కాపీలు."

కారుకు బస్టాండు దగ్గర జాగా దొరకలేదట, గంటన్నరకు గానీ తిరిగి రాలేదు. మధ్య మధ్యలో సారు లోపల ఏదో పాట కూనిరాగం తీయడం వినబడింది. తెచ్చిన కాగితాలను ప్రసాదంలా రెండు చేతులతో అందుకుని బల్లకింద అట్టపెట్టెలో పడేశాడు. ఏ జిరాక్సు గతీ అంతే. అందులోంచి ఒక్కటైనా కంప్యూటరులోకి ఎక్కగా నేను చూడలేదు.

ఇలా ఆరేళ్ళు నవ్వుకున్నాక, ఈ ఎండాకాలం నా వంతు వచ్చింది.

నా బిడ్డ సౌందర్య పదో తరగతి పాసై, పాలిటెక్నిక్ పరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకుంది. ఏ కాలేజీ ముందు, ఏ బ్రాంచి ముందు అని వరసగా ఆన్‌లైన్‌లో పెట్టాలి. పెట్టి ఫ్రీజ్ నొక్కితే ఇక మార్చేది లేదు. గడువు చివరి రోజు సాయంత్రం ఆరింటి వరకే. నేను మూడు రోజులు కూర్చుని లిస్టు రాశాను. ఒకటో నంబరు నుంచి పన్నెండో నంబరు దాకా అన్నీ కంప్యూటర్లే. నా చేతులకు అంటిన వార్నిష్ నలుపు ఇరవై ఏళ్ళుగా ఏ సబ్బుకూ వదలలేదు. నా బిడ్డ చల్లటి గదిలో తెల్లటి చేతులతో కూర్చోవాలని నా ఆశ.

లిస్టు దిద్దీ దిద్దీ ఆ చివరి రోజు ఐదింటికి, సౌందర్యను వెంటబెట్టుకుని సారు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన లిస్టు చూశాడు, సౌందర్యను చూశాడు, నన్ను చూశాడు.

"హన్మాండ్లు, నీ ఆధార్ జిరాక్స్."

"సారు, నేను. పక్క దుకాణమోన్ని."

"పక్క దుకాణమోనికి ఆధార్ ఉండదా?"

"గంటనే ఉన్నది సారు."

"అందుకే జల్ది పో. ముత్యం దగ్గరికే పోవాలె, యాదికుంచుకో."

సౌందర్యను అక్కడే కూర్చోబెట్టి, తిట్టుకుంటూ స్కూటర్ ఎక్కాను. సగం దూరం పోయాక జేబు తడుముకుంటే ఆధార్ లేదు. దుకాణం సొరుగులోనే మరిచిపోయాను. నా మతిమరుపును తిట్టుకుంటూ వెనక్కి తిరిగి, సందులోంచి నా దుకాణం వెనక తలుపు తీశాను. రేకు అవతల ఏదో మిషను చర్రు చర్రుమని నడుస్తోంది. చెవులు రిక్కించాను. అది జిరాక్స్ మిషను. పెద్ద రోగమున్న మిషను చక్కగా కాపీలు తీస్తోంది. నిలదీద్దామని నోరు తెరిచేంతలో సారు గొంతు వినిపించింది.

"గిది మీ బాపు రాసిన లిస్టు. మరి నీదేది?"

"నేనేం రాయలే సారు."

"మనసుల రాసుకున్నది జెప్పు బిడ్డా. మీ బాపు వచ్చేతందుకు ఇంక పావుగంట పడ్తది. ముత్యం లేటు జేస్తడనే ఆడికి తోలేది. అయ్యలు పక్కకుంటే పిల్లలు నోరిప్పరు."

తెరిచిన నోరు మూసుకున్నాను. ఆరేళ్ళుగా నా దుకాణం ముందు నుంచి గొణుక్కుంటూ పోయిన తండ్రులంతా గుర్తొచ్చారు. వాళ్ళను చూసి నవ్విన నవ్వు కూడా గుర్తొచ్చి సిగ్గేసింది.

"ఎలక్ట్రికల్ సారు" అంది సౌందర్య. "బాపు మోటార్ చుడుతుంటే సూడబుద్దయితది. నన్ను ముట్టనియ్యడు. చేతులు కరాబైతయంటడు."

"ఎన్నడన్న చుట్టినవా?"

"ఒక్కపారి. బాపు జ్వరమొచ్చి పండుకున్నప్పుడు. టిఫిన్ల లింగవ్వది."

మా గల్లీలో ఇడ్లీలమ్మే లింగవ్వ మిక్సీ అది. జ్వరంలో సగం చుట్టి వదిలేశాననుకున్నాను, లేచి చూస్తే తయారుగా ఉంది. ఒంట్లో బాగాలేకపోయినా నా చెయ్యి తప్పదని మూడు నెలలు ఊరంతా చెప్పుకున్నాను.

"గీ ముచ్చట మీ బాపుకు నేను జెప్ప. నువ్వే జెప్పాలె" అన్నాడు సారు. "ఓటీపీ ఆయన ఫోనుకే వస్తది. ఆయన సదివి జెప్పకుంటే నేను ఫ్రీజ్ నొక్క. ఐదు ముప్పై ఎనిమిదైంది. ఓటీపీ తోలుతున్న, ఫోన్ జేసి మాట్లాడు."

నా ఫోనుకు మెసేజ్ వస్తే కోడి కూస్తుంది. మోటార్ల చప్పుడులో కూడా వినబడాలని నేనే పెట్టించుకున్నాను. అది జేబులోంచి గొంతెత్తి కూసింది.

రేకు అవతల ఒక్కసారిగా చప్పుడు ఆగిపోయింది.

"హన్మాండ్లు" అన్నాడు సారు నిదానంగా. "జిరాక్స్ అయిందా?"

"లైన్ల నిలవడ్డ సారు."

"లైను పెద్దగున్నదా?"

"ఉన్నది."

ఫోను తీసి మెసేజ్ ఒకటికి నాలుగుసార్లు చదివాను. ఫోనులో ఆ ఆరంకెలు పది నిమిషాలే చెల్లుతాయని రాసి ఉంది. నేను చెప్పకపోతే నా బిడ్డ అప్లికేషన్ అక్కడితో ఆగిపోతుంది. చెబితే నా పన్నెండు కంప్యూటర్లు పోతాయి.

"బాపూ" అంది సౌందర్య, సన్నగా. "ఎలక్ట్రికల్ ముందు వెడ్తున్న."

ఏమనాలో తోచక నోటికి వచ్చింది అడిగాను. "లింగవ్వ మిక్సీకి కాయిల్‌కెన్ని చుట్లేసినవ్?"

"పదిహేడు."

"పద్దెనిమిదెయ్యాలె."

"పాత తీగె ఇప్పుకుంట లెక్కవెట్టిన. పదిహేడే ఉన్నయి. నువ్వు ఒకటెక్కువేస్తవు బాపూ. గాడిల ఒత్తుకపోయి తీగె కాలుతది. అందుకే నీయి మల్ల మల్ల రిపేరుకొస్తున్నయి."

ఇరవై ఏళ్ళలో నన్ను ఇంత మాట అన్నవాడు లేడు. ఒళ్ళు మండింది. మంటలోనే బల్ల మీదికి చూశాను. అదే వారంలో తిరిగొచ్చిన మిక్సీలు నాలుగు వరసగా కూర్చుని ఉన్నాయి. లింగవ్వది మాత్రం ఒక్కసారి కూడా తిరిగి రాలేదు.

"నీ చేతులు నల్లగైతయి బిడ్డా" అన్నాను.

"నీయి గాలేదా? ఆ చేతులతోనే గద నాకు అన్నం కలిపి పెట్టినవు."

"ఐదు నలభై ఆరు" అన్నాడు సారు. "ఇంక రెండు నిమిషాలే."

కళ్ళు తుడుచుకుంటే గానీ అంకెలు కనబడలేదు. చదివాను. "మల్లొకసారి" అన్నాడు. మళ్ళీ చదివాను. "మూడోది సున్ననా, ఆరా?" "సున్న సారు, నొక్కు సారు" అని అరిచాను. టక్కున నొక్కిన చప్పుడు, ఆ వెంటనే నా బిడ్డ గట్టిగా వదిలిన ఊపిరి వినిపించాయి.

ముందు వైపు నుంచి సారు దగ్గరికి వెళ్ళడానికి నాకు కొంతసేపు పట్టింది. ఆయన మిషను మీద మళ్ళీ దుప్పటి కప్పుతున్నాడు.

"సారు, నువ్వు కమీషన్ తింటున్నవని ఆరేండ్లసంది అందరికి చెప్పుకుంట తిరిగిన" అన్నాను.

"ఎర్కనే. నడుమ రేకే గదా."

"మరి ఒక్కనాడన్న నన్నేమనలేదేంది?"

"ఎందుకనాలె? కమీషన్ అనుకుంటే నన్ను తిట్టుకుంటనన్న పోయొస్తరు. బిడ్డను మాట్లాడనిచ్చేతందుకు జర బయటికి పో అంటే, ఒక్క అయ్యన్న కుర్సీల నుంచి లేస్తడా?"

నేను లేచేవాణ్ణా అని ఆలోచించాను. లేచేవాణ్ణి కాదు.